ఏం తేలింది?

మత్తికెరెలో మూడో అంతస్తు డాబా మీద
నీలం డ్రమ్ము,
మూతికి వాసెన కట్టినట్టు పలుచటి గుడ్డ.
నాలుగేళ్ల నా పరిశోధన
ప్రస్తుతానికి అందులో నానుతోంది.

బళ్లారి దారిలోని బూడిద దిబ్బ నుంచి
ఇరవై రెండు గోనెసంచుల మట్టి
ఎర్రబస్సు మీదెక్కి వచ్చింది.
లగేజీ టికెట్టు కొడుతూ కండక్టరు
బెంగళూరులో మట్టి లేదా తల్లీ అన్నాడు.
ఉంది.
అందులో ఈ పొయ్యి లేదు.

పని చెప్పడానికి సిగ్గేసేంత తేలిక.
మట్టిని నీళ్లలో పోసి చేత్తో కలపడం.
బరువున్నవి అడుక్కి పోతాయి,
మాడినవి పైకి వస్తాయి.
బాగా ఉడికినవి ఆ రోజే తినేశారు.
ఎసట్లో పడక నిప్పుల్లోకి జారి
బొగ్గయిన నాలుగు గింజలే
మూడున్నర వేల ఏళ్లు ఆగి నా దాకా వచ్చాయి.
ఏ చెయ్యి తొణికిందో,
ఎవరు కసిరారో ఆ చేతిని.

ఇంటావిడ పుట్టగౌరమ్మ గారు
ట్యాంకరు రసీదుతో మెట్లెక్కారు.
ఆరు వేల లీటర్లు, పద్నాలుగు వందలు,
మొన్న సోమవారం పోయించింది.
మట్టిని కడిగే ఆడపిల్లని
ఈ జన్మలో చూశాను అన్నారు, కన్నడంలో.
నేను తెలుగులో క్షమించమన్నాను.
గుడ్డ మీద మిగిలిన నల్లటి పలుకుల్ని
భూతద్దంలోంచి చూపించాను.
ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసి
"ఉరుళికాళు," అన్నారు.
ఉలవలు.
మా మేడం ఆ మాట అనడానికి
పుణె నుంచి రిపోర్టు రావాలి.
"ఇంత సన్నంగా ఉన్నాయేం?
అంగడివాడు ముంచాడు నిన్ను."

ల్యాబులో సూక్ష్మదర్శిని కింద
గోరంత చెకుముకి పలక.
అంచున సన్నటి మెరుపు.
కోసీ కోసీ, కాండాల్లోని ఇసుక రుద్దుకుని
రాయే నున్నబడింది.
ఎన్ని మోపులకు ఇంత మెరుపో లెక్కకట్టాలని
మాగడి అవతల కొర్ర చేనులో
కొత్త పలక పట్టి నేనూ కోశాను.
రెండో గంటకే అరచేతిలో బొబ్బ.
రాయికి ఏమీ కాలేదు.
నోట్‌బుక్‌లో రెండో వాక్యమే రాశాను.

యశవంతపురం వైపు ఫుట్‌పాత్ మీద
రాళ్లు చెక్కే వల్లెపు సుంకన్నది పెనుకొండ దగ్గర.
మన మాట వినపడి ఆగాను ఒకరోజు.
సంచిలో రాతిగొడ్డలి ఉంది,
ఉండకూడదు, కానీ ఉంది,
నల్లరాయి, సగం నునుపు.
మూడో అధ్యాయంలో దాని మీద ఎనిమిది పేజీలు:
కావాలని పూడ్చిన వస్తువు, నమ్మకాలకు చెందినది.
మొత్తం పదిహేడు "బహుశా"లు.
సుంకన్న ఉలి పక్కన పెట్టి
అరచేతిలో రెండుసార్లు ఎగరేశాడు.
"ఇది చెడిపోయిన రాయిమ్మా.
ఇదో, ఈడ జీర అడ్డం తిరిగింది.
అరగదీస్తా అరగదీస్తా చూసుకున్యాడు,
ఇసిరి పారేసినాడు."
బీడీ వెలిగించుకుని మళ్లీ,
"ఎడంచేతి వాటం. బొటనేలు ఈడ ఆనింది."
తన ఎడమ బొటనవేలు పెట్టి చూపించాడు.
దానికి గోరు లేదు.

ఎనిమిది పేజీలూ కొట్టేశాను.
అడుగున చిన్న అక్షరాల్లో రాశాను:
వ్యక్తిగత సంభాషణ, వల్లెపు సుంకన్న, బెంగళూరు.
పక్కన మేడం ఎర్రసిరా:
హోదా? సంస్థ?
ఇంకా నింపలేదు.

ఈ పూట కూడా ఫోనులో అదే ప్రశ్న,
ఏం తేలింది?
ఉలవలు పదకొండు, పెసలు మూడు,
ఒకటేదో తెలియదు మేడం.
అంతేనా?
అంతే.

సగం సంచి ఇంకా కలపాలి.
కుళాయి దగ్గింది, గాలి వదిలింది, ఆగింది.
బుధవారం దాకా ట్యాంకరు లేదు.
చేతుల మీద బురద ఎండుతోంది,
వేళ్లు మడిస్తే పగుళ్లు.
కింద వంటింట్లోంచి
చారు పొంగి మంట మీద పడ్డ వాసన.
ఎవరో ఎవరినో కసురుతున్నారు.